మూడు బదులు ఎలుకలు

జూన్ 3

పది రోజుల ప్రయోగం అంకెలు వచ్చాయి. నాలుగో నంబరు గెలిచింది.

మూడేళ్ళుగా ఒక తీగ ఆకుల్ని ఎండబెట్టి, పొడికొట్టి, స్పిరిట్‌లో నానబెట్టి, వడగట్టి, ఐదు భాగాలుగా విడగొడితే చివరికి నాలుగోది ఒక్కటే పనికొచ్చింది. టీబీ మందులు మాత్రమే పోసిన ఎలుకల లివర్ దెబ్బతింది. అవే మందులతో పాటు నాలుగో నంబరు కూడా తాగిన ఎలుకల లివర్ చెక్కుచెదరలేదు. మా గైడు కాగితం మీంచి కళ్ళు తీయకుండానే "బ్రహ్మాండం" అన్నారు. ఆయన ఎలుక ముఖం చూసి పదేళ్ళయి ఉంటుంది. గ్రాఫు తప్ప ఇంకేదీ చూడరు. వెనకాల అందరం గ్రాఫుగారనే అంటాం.

ఇరవై ఎనిమిది రోజుల పెద్ద ప్రయోగం మొదలుపెట్టి ఇవాళ్టికి వారం. నాలుగో నంబరు ఎక్కువ మోతాదు పంజరంలో ఆరు, తక్కువ మోతాదులో ఆరు, ఉత్త టీబీ మందుల పంజరంలో ఆరు. రోజూ పొద్దున్నే పద్దెనిమిదింటి గొంతులోకీ గొట్టం దింపి మందు పోసేది నేనే. ఈ పనిలో నా చెయ్యి ఎంత నిలకడైందో అందరికీ తెలుసు. పక్క ల్యాబువాళ్ళు కూడా నేర్పించమని వస్తారు.

తమ్ముడు టీబీ టాబ్లెట్లు మొదలుపెట్టి మూడో వారం. వాడికి వచ్చిందీ అదే జబ్బు, నేను పనిచేసేదీ అదే మందుల మీద. పుట్టినప్పుడు గుండ్రంగా ఉన్నాడని బొండాం అని పిలిచేవాళ్ళం. ఇప్పుడు చొక్కా హ్యాంగరుకి తగిలించినట్టుంది.

జూన్ 5

వాడింటికి వెళ్ళాను. మూడో అంతస్తు, రెండు గదులు, లిఫ్టు లేదు. లిఫ్టు మెకానిక్కు ఇంట్లో లిఫ్టు లేకపోవడమేమిట్రా అంటే, "మంగలి తలే మాసి ఉంటుందక్కా" అన్నాడు. దగ్గు తగ్గింది, మళ్ళీ పనిలోకి వెళ్ళొచ్చన్నారు. కానీ ఆ టాబ్లెట్లు వేసుకుంటే పొద్దున్నంతా వికారం. ఇంకో ఐదు నెలలు వేసుకోవాలి. రెండు వారాలకోసారి రక్తపరీక్ష. లివర్ అంకెలు పెరిగితే చెప్పండి, వేరే మందులేవీ ముట్టుకోకండి అని డాక్టరమ్మ మరదలికి కాగితం మీద రాసి మరీ ఇచ్చింది.

నాలుగో నంబరు ఒక చిన్న సీసాలో పోసి తీసుకెళ్ళాను. ఎలాగూ పారబోసేదే. ప్రయోగానికి మించి తయారైంది.

"ఇదేంటక్కా, బురదనీళ్ళు?"

"నోరు మూసుకుని తాగు. రోజుకో చెంచా."

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా పెరట్లో ఏకంగా నువ్వే ఉన్నావు, నా గతేంటో." ఒక్క గుక్కలో మింగి ముఖం అష్టవంకర్లు తిప్పాడు.

మరదలు చెంచా కడిగి తుడిచి సీసా పక్కనే పెట్టింది. "డాక్టరుగారికి చెప్పాలా వదినా?" అనడిగింది. వద్దన్నాను. వాళ్ళకి ఆకులంటే చులకన, అనవసరంగా భయపెడతారు అన్నాను. ఆ అమ్మాయి నన్ను నమ్మింది. ఆ ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే అని వాళ్ళిద్దరి నమ్మకం.

ఎలుక బరువూ వాడి బరువూ చూసి లెక్క కట్టాను. ఎక్కువ మోతాదు లెక్కే. పది రోజుల ప్రయోగంలో అదే బాగా పనిచేసింది.

జూన్ 8

ఫోన్ చేశాడు. వికారం తగ్గిందట. నిన్న పదకొండు అంతస్తుల భవనంలో తాడు మార్చాడట. మరదలు ఫోన్ లాక్కుని, "మీరు మా పాలిట దేవత వదినా" అంది. ఊరుకోమన్నాను. సంతోషంగానే ఉంది, అబద్ధం ఎందుకు.

జూన్ 11

ఎక్కువ మోతాదు పంజరంలో ఒక ఎలుక చచ్చిపోయింది. పొద్దున వెళ్ళేసరికి మూలన బిగుసుకుపోయి ఉంది.

చెయ్యి జారి ఉంటుంది. గొట్టం కడుపులోకి కాకుండా ఊపిరితిత్తుల్లోకి పోతే ఇలాగే అవుతుంది. ఎంత చేయి తిరిగినవాళ్ళకైనా వందలో ఒకటి తప్పదు. రిజిస్టర్లో "మందు పోయడంలో ప్రమాదం" అని రాశాను. ప్రమాదంలో పోయినదాని స్థానంలో కొత్తదాన్ని పెట్టుకోవచ్చన్నది నియమం. పెట్టాను.

జంతువుల గది చూసుకునే పెద్దావిడని అందరం పంజరాలమ్మ అంటాం. నా రాతకేసి చూసి, "పన్నెండేళ్ళ నుంచి చూస్తున్నా, నీ చెయ్యి జారడం ఎప్పుడూ చూళ్ళేదమ్మా" అంది.

"అన్నిటికీ మొదటిసారి ఒకటుంటుంది" అన్నాను.

జూన్ 14

ఇంకొకటి. అదే పంజరం. మళ్ళీ చెయ్యే.

నిద్ర సరిపోవడం లేదు. తమ్ముడి బెంగ ఒకటి. ఆ పంజరం కిటికీ పక్కనుంది, మధ్యాహ్నం ఎండ పడుతుంది, అదీ కారణం కావచ్చు. పంజరం ఇవతలికి జరిపించాను. కొత్త ఎలుక పెట్టాను.

జూన్ 15

ఎండే అయ్యుంటుంది.

జూన్ 19

మూడోది.

ఇలా పోయినప్పుడు కోసి ఊపిరితిత్తులు చూడాలి. మందు అటు పోయి ఉంటే ఆకు రంగు కనిపిస్తుంది. రెండు నిమిషాల పని, నేనే అందరికీ నేర్పిస్తాను. మూడింటికీ చూడలేదు. మొదటిసారి తీరిక లేదు. రెండోసారి గ్రాఫుగారు పిలిచారు. ఇవాళ ఎందుకు చూడలేదో నాకే సరిగ్గా తెలియదు. పంజరాలమ్మ వాటిని సంచుల్లో కట్టి, తేదీలు రాసి, ఫ్రీజర్లో పెట్టింది. కాల్చెయ్యడానికి తీసుకెళ్ళే బండి రెండు నెలలకోసారి వస్తుంది.

"కొయ్యవా అమ్మా?" అనడిగింది.

"చెయ్యి జారిందని నేనే చెప్తుంటే ఇంకా కొయ్యడం దేనికి?" అని కసిరాను. తర్వాత పాపం అనిపించింది.

జూన్ 20

కొత్తది పెట్టాను. ఇక ఐదు రోజులే.

జూన్ 24

తమ్ముడి రక్తపరీక్ష వచ్చింది. అంకెలు కాస్త పెరిగాయి. ఈ టాబ్లెట్లతో చాలామందికి ఈ మాత్రం పెరుగుతుంది, కంగారు లేదు, రెండు వారాల తర్వాత మళ్ళీ చూద్దాం అందట డాక్టరమ్మ. నాలుగో నంబరు లేకపోతే ఇంకెంత పెరిగేవో.

మరదలికి అదే చెప్పాను. రెండో సీసా ఇచ్చాను.

జులై 2

పెద్ద ప్రయోగం అంకెలు వచ్చాయి. టీబీ మందులు మాత్రమే తాగిన ఎలుకల లివర్ అంకెలు ఆకాశంలో ఉన్నాయి. ఎక్కువ మోతాదు పంజరానివి దాదాపు మామూలుగా ఉన్నాయి. గ్రాఫుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన లేవడం నేను చూడటం ఇది రెండోసారి. మొదటిసారి నిప్పంటుకున్నప్పుడు.

"ఇది మామూలు రక్షణ కాదండీ, కవచం!" అన్నారు. పేపరు పేరులో "రక్షణ ప్రభావం" అన్న మాట ఉండాలన్నారు.

ఆరింటి అంకెలూ విడివిడిగా చూశాను. మూడు మరీ బాగున్నాయి. మూడు ఓ మోస్తరు. మరీ బాగున్న మూడూ ఏవో చూడలేదు.

చూశాను. ఇక్కడ కూడా అబద్ధం ఎందుకు. ఆ మూడూ బదులు పెట్టిన ఎలుకలు.

జులై 3

ఎలుక ఎలుకకీ తేడా ఉంటుంది. అందుకే సగటు తీస్తాం.

జులై 9

మరదలు ల్యాబుకి ఫోన్ చేసింది. పొద్దున షేవింగ్ అద్దంలో కళ్ళు చూసుకుని వాడే పిలిచాడట, "ఇలా రావే, నా కళ్ళు చూడు" అని. పసుపుపచ్చగా ఉన్నాయి.

ఆస్పత్రికి నేనూ వెళ్ళాను. డాక్టరమ్మ టీబీ టాబ్లెట్లన్నీ ఆపేసింది. ఈ మందులతో కొందరికి ఇలా అవుతుందని, ఆపితే వారం పది రోజుల్లో అంకెలు దిగుతాయని, అప్పుడు ఒక్కొక్కటిగా మళ్ళీ మొదలుపెడతామని చెప్పింది. తర్వాత పెన్ను పట్టుకుని అడిగింది. "ఇవి కాక ఇంకేమైనా వాడుతున్నారా? కషాయాలు, పొడులు, ఆకు మందులు?"

తమ్ముడు నాకేసి చూశాడు. ఒక్క క్షణం. తర్వాత ఆవిడకేసి తిరిగి, "ఏం లేదండీ" అన్నాడు.

నాకు ఉద్యోగం పోతుందని వాడి భయం. ల్యాబు మందు బయటికి తెచ్చానని తెలిస్తే ఊరుకోరని ఎప్పుడో ఒకసారి నేనే అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి చేతిసంచి మీదికి పోయింది. అందులో మూడో సీసా ఉంది.

నేనూ ఏమీ అనలేదు.

జులై 10

ఆపేయమని చెప్పాలా? కానీ లివర్ దెబ్బతిని ఉంది, దానికి రక్షణ ఇప్పుడే ఎక్కువ కావాలి. కవచం తీసేసే సమయమా ఇది?

రోజుకో చెంచా ఇస్తూనే ఉండమన్నాను.

జులై 13

ఆస్పత్రిలోనే ఉంచుకున్నారు. అన్నం ఎదురుగా పెడితే ముఖం తిప్పుకుంటున్నాడు. మరదలు సీసాని టీ ఫ్లాస్కు సంచిలో పెట్టుకుని వెళ్ళి నర్సు లేనప్పుడు ఇస్తోంది. నేనే చెప్పాను అలా చేయమని.

జులై 18

టాబ్లెట్లు ఆపి తొమ్మిది రోజులు. అంకెలు దిగలేదు. రెట్టింపయ్యాయి.

డాక్టరమ్మ వార్డు బయట కారిడార్లో నన్ను ఆపింది. "మీరు మందుల మీద పరిశోధన చేస్తారట కదా. మీకైనా అర్థమవుతోందా? కారణం తీసేశాం, జబ్బు పెరుగుతోంది. అంటే ఇంకో కారణమేదో లోపలికి పోతూనే ఉండాలి. ఇంట్లో ఎవరైనా ఏమైనా ఇస్తున్నారేమో గట్టిగా కనుక్కోండి. మీ మాటైతే వింటారు."

కనుక్కుంటానన్నాను.

అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. ఎదురుగా గోడమీద చేతులు కడుక్కునే పద్ధతి బొమ్మలు వేసి ఉంది. ఆ బొమ్మల్నే చూస్తూ ఎంతసేపున్నానో తెలియదు. లేచి వార్డులోకి వెళ్ళి సీసా తీసుకుని నా సంచిలో పెట్టుకున్నాను. "అయిపోయిందా వదినా?" అంది మరదలు. "ఇవాళ్టికి చాల్లే" అన్నాను.

జులై 19, పొద్దున

పంజరాలమ్మ వచ్చేసరికే నేను జంతువుల గదిలో ఉన్నాను. ఫ్రీజర్లోంచి మూడు సంచులూ తీయించాను. "ఇప్పుడా అమ్మా?" అంది కానీ తీసింది. కరగడానికి గంట పట్టింది. ఆ గంటసేపూ ఇద్దరం స్టూళ్ళ మీద కూర్చున్నాం.

మొదటిదాని ఊపిరితిత్తులు. లేత గులాబీ రంగు, శుభ్రంగా ఉన్నాయి. ఆకు రంగు మచ్చుకైనా లేదు.

రెండోదీ అంతే. మూడోదీ అంతే.

తర్వాత లివర్లు. టీబీ మందులు మాత్రమే తాగిన ఎలుకల లివర్లు నేను వందల్లో చూశాను. పాలిపోతాయి, వాస్తాయి. ఇవి వేరు. పట్టకారుతో పట్టుకుంటే తడిసిన రొట్టెలా విడిపోయాయి.

"నీ చెయ్యి జారలేదమ్మా" అంది పంజరాలమ్మ. ఓదారుస్తున్నాననుకుంది పాపం.

రిజిస్టరు తీసి తేదీలు రాసుకున్నాను. చచ్చినవి పద్నాలుగో రోజు, పదిహేడో రోజు, ఇరవై రెండో రోజు. బదులు పెట్టినవి మందు తాగింది పదమూడు రోజులు, పది రోజులు, ఐదు రోజులు. నాలుగో నంబరు పది రోజులు తాగితే మేలు చేస్తుంది. రెండు వారాలు దాటితే చంపుతుంది. చచ్చినవాటిని నేను లెక్కలోంచి తీసేశాను, బతకడానికి సరిపడా తక్కువ రోజులు తాగినవాటిని లెక్కలో పెట్టాను. గ్రాఫుగారు కవచం అన్నది వాటినే.

తమ్ముడు తాగింది నలభై మూడు రోజులు.

జులై 19, మధ్యాహ్నం

డాక్టరమ్మకి చెప్పాను. సీసా బల్ల మీద పెట్టాను. ఎన్ని రోజులు, ఎంత మోతాదు, ఎలుకలు ఏ రోజున పోయాయి, అన్నీ కాగితం మీద రాసి ఇచ్చాను. ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. కాగితం చదివి, "తొమ్మిదో తారీఖున నేను అడిగినప్పుడు మీరు పక్కనే ఉన్నారు కదండీ" అంది.

"ఉన్నాను."

"ఆ రోజే చెప్పి ఉంటే..." అని ఆపేసి ఫోన్ తీసింది.

వార్డులోకి వెళ్ళి తమ్ముడికీ చెప్పాను. వాడికి మాట ముద్దగా వస్తోంది. "ఎందుకు చెప్పావక్కా," అన్నాడు, "నీ ఉద్యోగం తీసేస్తారు." వాడి బుర్రలో ఇంకా అదే ఉంది. వాడి పాదాలు పట్టుకుని ఏడ్చాను. "ఛీ లే, పెద్దదానివి" అన్నాడు.

జులై 22

ఐసీయూ. మనిషిని గుర్తుపట్టడం లేదు. నర్సుని లిఫ్టు తలుపు ముయ్యమని అడుగుతున్నాడు.

జులై 24

నా లివర్లో ముక్క తీసి పెట్టమన్నాను. ఒంట్లో టీబీ ఉండగా ఆ ఆపరేషను కుదరదన్నారు. ఇంకో డాక్టరుని అడిగాను. ఆయనా అదే అన్నాడు. అయినా ఇంకొకరిని అడిగాను.

జులై 27

అలాగే ఉన్నాడు.

జులై 30

పోయాడు. పొద్దున పదకొండూ ఇరవైకి.

ఆగస్టు 8

ల్యాబుకి వెళ్ళాను. గ్రాఫుగారి ముందు రిజిస్టరు పెట్టి అన్నీ చెప్పాను. ఎలుకల సంగతీ, సీసాల సంగతీ. ఆయన పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పారు. తర్వాత, "తక్కువ మోతాదు పంజరం బాగానే ఉంది కదండీ, దాంతో పేపరు చేసుకుంటే..." అన్నారు. మంచివారే. నన్ను కాపాడాలనే అన్నారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు మూడేళ్ళు పట్టుకు వేలాడాం, వదలడం ఎవరికైనా కష్టమే.

రిజిస్టర్లో "ప్రమాదం" అని రాసిన మూడు చోట్లా ఒక్కొక్క గీత కొట్టి, పక్కన "మందు వల్ల మరణం" అని రాసి సంతకం పెట్టాను. ఇవాళ్టి తేదీ వేశాను. విచారణ కమిటీకి ఉత్తరం కూడా నేనే రాశాను.

ఏమీ తేలికపడలేదు.

ఆగస్టు 15

మరదలు రమ్మంది. వాడి పనిముట్లు కంపెనీకి తిరిగి ఇవ్వాలట, సంతకం కావాలట. ఆస్పత్రిలో సీసా బయటపెట్టిన రోజు తర్వాత మేం సరిగ్గా మాట్లాడుకోలేదు. డాక్టరమ్మ తనకి ఏం చెప్పిందో నాకు తెలియదు. "ఆకు మందు పడలేదు" అని మాత్రం అందట.

పొద్దున పది గంటలు. తలుపు పక్కన వాడి పనిబూట్లు అలాగే ఉన్నాయి. పనిముట్లన్నీ నేల మీద వరసగా పేర్చి పెట్టింది. ఒక్కొక్కటీ జాబితాలో చూసి సంతకాలు పెట్టాం. అయ్యాక కూడా తను లేవలేదు.

"వదినా, ఒకటి అడుగుతా. నిజం చెప్తారా?"

చెప్తానన్నాను.

"టాబ్లెట్లు ఆపేసినప్పుడు నాకు భయమేసింది. ఒక చెంచా కాపాడుతుంటే రెండు చెంచాలు ఇంకా బాగా కాపాడతాయి కదా అనుకున్నా. ఆరు రోజులు రెండేసి చెంచాలు పోశా. ఆయనకి చెప్పలేదు. మీకూ చెప్పలేదు." తన గొంతు వణకడం లేదు. ఎన్నిసార్లు లోపల్లోపల అనుకుని ఉంటుందో. "దానివల్లేనా? నేనే చంపుకున్నానా?"

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. ఆ మాట వినగానే నా గుండె మీంచి బరువు దిగిపోయింది. రెండు చెంచాలు! నేను చెప్పిన లెక్క కాదు కదా. లెక్క తప్పింది నేను కాదు కదా. అయిదారు సెకన్లు, అంతే, కానీ ఆ అయిదారు సెకన్లూ నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఇదంతా జరిగాక కూడా. తన కళ్ళు నా ముఖం మీదే ఉన్నాయి. అవునన్నా నమ్మేది. నేను ఏం చెప్పినా నమ్ముతుంది, మొదట్నుంచీ అంతే.

"కాదు," అన్నాను. "నువ్వు కాదు. నువ్వు రెండో చెంచా పోసే ముందే కళ్ళు పచ్చబడ్డాయి. ఒక్క చెంచాకే ఎలుకలు చచ్చాయి. మూడు. నేను చెయ్యి జారిందని రాసి పక్కన పెట్టాను. నేనే."

"ఎప్పుడు చచ్చాయి?"

"జూన్ పదకొండున మొదటిది. పందొమ్మిదికి మూడు."

"రెండో సీసా ఇరవై నాలుగున ఇచ్చారు."

"అవును."

తను వేళ్ళతో లెక్కపెట్టుకోవడం చూశాను. తర్వాత తలెత్తింది.

"జూన్‌లో ఆయన పనికి వెళ్తున్నారు వదినా," అంది. "మెట్లెక్కి వచ్చేవారు. మూడంతస్తులూ."

తను లేచి వెళ్ళి తలుపు తీసి పట్టుకుంది. నేను బయటికొచ్చాను.